ఫ్రీ అంటే ఉచితమా, ముక్తియా?



మన ఛానల్లో మోక్షం గురించి మాట్లాడిన ప్రతిసారీ నాకు ఒక చిన్న చిక్కు ఎదురవుతుంది. మోక్షం అంటే ఏమిటని ఈ కాలం పిల్లలు అడిగితే, పెద్దవాళ్ళు చప్పున చెప్పే జవాబు 'అన్నిటి నుంచీ ఫ్రీ అయిపోవడం రా' అని. ఆ పిల్లవాడికి 'ఫ్రీ' అంటే ఏం తెలుసు? సబ్బు కొంటే దువ్వెన ఫ్రీ. ఆదివారం స్కూల్ లేదు కాబట్టి ఫ్రీ. ఇంక వాడి దృష్టిలో మోక్షం అంటే ఖర్చు లేకుండా దొరికే సెలవన్నమాట!

నవ్వొస్తుంది గానీ, పెద్దవాళ్ళం మనం కూడా ఆ మాటని దాదాపు అలాగే వాడుతున్నాం. నా వయసు వాళ్ళ నోట, ముఖ్యంగా మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ నోట, తరచుగా వినిపించే కోరిక ఇదే. 'హోమ్ లోన్ తీరితే ఫ్రీ.' 'నలభై ఏళ్ళకి రిటైర్ అయిపోతే ఫ్రీ.' ఇంకాస్త పెద్దవాళ్ళయితే 'అమ్మాయి పెళ్ళి అయిపోతే ఫ్రీ' అంటారు. అంటే బాధ్యతలు ఒక్కొక్కటే రాలిపోతే చివరికి మిగిలేది స్వేచ్ఛ అని మన లెక్క.

ఈ లెక్క సరైనదేనా? మన మీద ఎవరి భారమూ లేకపోవడమే ఫ్రీగా ఉండటమా? ఈ రోజు ఈ ఒక్క మాటని పట్టుకుని కొంచెం ఆలోచిద్దాం.

ఒక్క మాట, ఎన్ని అర్థాలో

'ఈ సీటు ఫ్రీనా?' అంటే ఖాళీయేనా అని. 'సాయంత్రం ఫ్రీయేనా?' అంటే తీరిక ఉందా అని. 'ఫ్రీగా మాట్లాడండి' అంటే మొహమాటం లేకుండా అని. 'షుగర్ ఫ్రీ' అంటే చక్కెర లేనిది. 'బస్సు ఫ్రీ' అంటే టికెట్ డబ్బులు అక్కర్లేదని. ఖైదీ ఫ్రీ అయ్యాడంటే విడుదలయ్యాడని. దేశం ఫ్రీ అయిందంటే స్వాతంత్ర్యం వచ్చిందని.

ఇంగ్లీషు వాడు ఒకే డబ్బాలో వేసిన వీటన్నిటికీ మన తెలుగులో వేరే వేరే మాటలున్నాయి. ఖాళీ, తీరిక, ఉచితం, ఊరికే, పుణ్యానికి, తేరగా, విడుదల, స్వేచ్ఛ, స్వాతంత్ర్యం, ముక్తి. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. 'తేరగా వచ్చింది' అన్నప్పుడు ఉన్న చిన్నచూపు 'ఉచితం' అన్నప్పుడు లేదు. 'పుణ్యానికి ఇచ్చాడు' అంటే తీసుకున్నవాడు డబ్బు ఇవ్వలేదు, ఇచ్చినవాడికి మాత్రం ఏదో ముట్టింది! 'తీరిక' అనే మాటలో పని తీరడం ఉంది. 'ఊరికే' అనే మాట ఇంకా అందంగా ఉంటుంది. 'ఊరికే ఇచ్చాడు' అంటే డబ్బు తీసుకోకుండా అని, 'ఊరికే వచ్చాను' అంటే ఏ పనీ పెట్టుకోకుండా అని, 'ఊరికే ఉండు' అంటే కదలకుండా మెదలకుండా అని. రమణ మహర్షి తమిళంలో 'సుమ్మా ఇరు' అన్నదాన్ని మనం తెలుగులో 'ఊరక ఉండు' అనే చెప్పుకుంటాం. ధర లేకపోవడం దగ్గర మొదలైన మాట నేరుగా ఆత్మవిచారం దాకా వెళ్ళిపోయింది చూడండి.

ఉచితం అంటే తగినది

'ఉచితం' అనే మాట సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ దానికి తగినది, యోగ్యమైనది అని అర్థం. సముచితం, సమయోచితం, ఉచితానుచితాలు అంటాం కదా, అదే ఉచితం. తెలుగులోకి వచ్చాక బహుమానంగా ఇచ్చేది, వెల లేకుండా ఇచ్చేది అనే అర్థం కూడా కలిసింది. నాకైతే ఈ రెండు అర్థాలూ విడివిడిగా అనిపించవు. ఊరికే ఇచ్చేది తగినట్టుగా ఉండాలి, పుచ్చుకునేవాడూ తగినట్టుగా పుచ్చుకోవాలి. గీత 17వ అధ్యాయంలో సాత్వికమైన దానం గురించి కృష్ణుడు చెప్పింది ఇదే. తగిన చోట, తగిన సమయంలో, తగిన వాడికి, తిరిగి ఏమీ ఆశించకుండా ఇవ్వాలి అని.

తిరుమలలో 1985లో నిత్యాన్నదానం మొదలైంది. ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిన భవనంలో వేలమంది ఒకేసారి కూర్చుని భోంచేస్తారు. మనం ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. కానీ ఆ అన్నానికి ఖర్చు లేదా? ఎవరో రైతు వడ్లు పండించాడు, ఎవరో భక్తుడు విరాళం ఇచ్చాడు, ఎవరో తెల్లవారకముందే లేచి పొయ్యి దగ్గర నిలబడ్డారు. ఖర్చు మాయమవలేదు, మన బదులు ఇంకొకరు భరించారు. ప్రపంచంలో 'ఫ్రీ' అన్న ప్రతిదాని వెనకా ఇలా భరించిన చెయ్యి ఒకటి ఉంటుంది. అది తెలిసినవాడు విస్తట్లో మెతుకు వదలడు. తెలియనివాడు 'ఫ్రీయే కదా' అని సగం పారేస్తాడు. ఇద్దరూ ఇచ్చిన డబ్బు సున్నాయే, తిన్న అన్నం మాత్రం ఒకటి కాదు.

అక్కడి ఉచిత దర్శనం పేరు కూడా గమనించండి. డబ్బు లేదు అని పేరు పెట్టలేదు, 'సర్వదర్శనం' అన్నారు. అందరిదీ అని. వెల లేకపోవడం కన్నా ఎవరికీ అడ్డు లేకపోవడం పెద్ద విషయం అని ఆ పేరే చెబుతోంది.

స్వేచ్ఛ ఎవరి ఇచ్ఛ?

మా వృత్తిలో ఈ మాట మీద ఒక పెద్ద ఉద్యమమే నడిచింది. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ గ్నూ ప్రాజెక్టుని ప్రకటించారు. ఆయన చెప్పిన 'ఫ్రీ సాఫ్ట్‌వేర్'కీ ధరకీ సంబంధం లేదు. ప్రోగ్రామ్‌ని మన అవసరానికి నడుపుకోవడం, లోపల ఎలా పనిచేస్తుందో చదివి మార్చుకోవడం, పక్కవాడికి కాపీ ఇవ్వడం, మనం మార్చినదాన్ని కూడా పంచడం, ఈ నాలుగూ ఉంటేనే అది ఫ్రీ. ఇంగ్లీషులో ఒకే మాట కాబట్టి, 'నేనంటున్నది డబ్బు గురించి కాదు, స్వేచ్ఛ గురించి' అని ఆయన కొన్ని దశాబ్దాలుగా వివరించుకుంటూనే ఉండాల్సి వచ్చింది. మనకి ఆ తిప్పలు లేవు. తెలుగు వికీపీడియా తనని తాను ఉచిత విజ్ఞాన సర్వస్వం అనుకోలేదు, 'స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం' అని రాసుకుంది. ఒక్క మాటతో తేలిపోయింది.

అయితే ఆ 'స్వేచ్ఛ' అనే మాటలోనే ఇంకో ప్రశ్న ఉంది. స్వ, ఇచ్ఛ. అంటే తన ఇష్టం. నా ఇష్టం వచ్చినట్టు నేను చేయగలిగితే నాకు స్వేచ్ఛ ఉన్నట్టే అనుకుంటాం. సరే, ఆ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చింది?

రాత్రి పదకొండింటికి 'ఒక్క వీడియో చూసి పడుకుందాం' అని ఫోన్ తీస్తాం. యాప్ ఫ్రీ. మన చెయ్యి ఎవరూ పట్టుకోలేదు కాబట్టి మనమూ ఫ్రీ. ఒంటిగంటకి కూడా బొటనవేలు కదులుతూనే ఉంటుంది. తర్వాతి వీడియో దానంతట అదే మొదలయ్యేలా పెట్టింది మా లాంటి ఇంజనీర్లే. అక్కడ మనం కట్టే రుసుము మన సమయం, మన ధ్యాస. (ఇది వీడియోలు పెట్టే ఛానల్ బ్లాగులో రాస్తున్నానని నాకు తెలుసు. మా వీడియో అయినా సరే, నిద్ర మానుకుని చూడకండి!)

గీత మూడో అధ్యాయంలో అర్జునుడు అడిగే ప్రశ్న ఇదే. మనిషి తనకి ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతంగా తోసినట్టు తప్పు ఎందుకు చేస్తాడు స్వామీ అని. బయట తోసేవాడు ఎవడూ లేడు, కామక్రోధాలే అని కృష్ణుడి జవాబు. అంటే నా ఇచ్ఛ ప్రకారం నడవడం స్వేచ్ఛ కావాలంటే, ముందు ఆ ఇచ్ఛ నా చెప్పుచేతల్లో ఉండాలి. లేకపోతే యజమాని మారాడంతే, నౌకరీ పోలేదు.

గోల్కొండ ఖైదీ

దీనికి తిరగేసిన ఉదాహరణ మన కంచర్ల గోపన్న గారు. పాల్వంచ తహసీల్దారుగా ఉండి, సర్కారు పైకంతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ కోటలో ఖైదీ అయ్యారు. పన్నెండేళ్ళు ఆ చీకట్లో ఉన్నారని చెప్పుకుంటాం. ఆయన కీర్తనల్లో ఏడుపు ఉంది, కోపం ఉంది, రాముణ్ణి నిలదీయడం ఉంది. జైల్లో హాయిగా ఉన్నారని నేను అనడం లేదు. కానీ ఆ గోడల మధ్య కూడా ఆయన మనసు ఎవరితో మాట్లాడాలో ఆయనే నిర్ణయించుకున్నారు. దాన్ని నవాబు కూడా ఆపలేకపోయాడు.

ఇంకో సంగతి. రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి ఆరు లక్షలు చెల్లించి విడిపించారని కథ. అంటే ఆ విడుదల కూడా ఊరికే రాలేదు, రాముడు వెల కట్టాడు! భగవంతుడి కృప మనకి ఉచితమే కావచ్చు. ఇచ్చేవాడికి కాదు.

విడుదలైన మనిషిని లోకం ఏమని పిలిచింది? రామదాసు అని. జైలు నుంచి ఫ్రీ అయిన మనిషికి 'దాసుడు' అన్న పేరు నిలిచింది. ఆ పేరుతోనే ఆయన ఇన్ని వందల ఏళ్ళుగా మన ఇళ్ళల్లో ఉన్నారు.

ప్రోగ్రామర్ల ఫ్రీ

ఇక్కడ మా ఆఫీసు సంగతి ఒకటి చెప్పుకోవాలి. సి లాంగ్వేజ్ నేర్చుకున్నవాళ్ళకి 'ఫ్రీ' అనే ఫంక్షన్ తెలుసు. ప్రోగ్రామ్‌కి మెమరీ కావాలంటే సిస్టమ్‌ని అడిగి తీసుకుంటాం. పని అయ్యాక 'ఫ్రీ' అని పిలిచి తిరిగి ఇచ్చేయాలి. తీసుకుంటూ పోయి తిరిగి ఇవ్వకపోతే దాన్ని మెమరీ లీక్ అంటాం. రోజులు గడిచేకొద్దీ మెషీన్ బరువెక్కి, చివరికి ఎక్కడో ఆగిపోతుంది.

ఇందులో రెండు గమ్మత్తులున్నాయి. ఒకటి, 'ఫ్రీ' అన్నాక అక్కడున్న సమాచారం చాలావరకు అప్పటికప్పుడు చెరిగిపోదు. ఇంకెవరైనా ఆ చోటు వాడుకునేదాకా అలాగే ఉంటుంది. మారింది ఒక్కటే, అది నాది అని చెప్పుకునే హక్కు పోయింది. రెండోది అసలు ప్రమాదం. మెమరీ తిరిగి ఇచ్చేసినా, దాని చిరునామా మాత్రం నా పాయింటర్‌లో మిగిలిపోతుంది. ఆ చిరునామా పట్టుకుని మళ్ళీ అక్కడికి వెళ్ళి ఏదో రాశామా, ఇంకొకరి సరుకు పాడైపోతుంది. వెతికి పట్టుకోవడానికి చాలా కష్టమైన తప్పుల్లో ఇదొకటి. అందుకే జాగ్రత్తపరులు ఇచ్చేసిన వెంటనే పాయింటర్‌ని కూడా నల్ చేసేస్తారు.

గుడికి ఫ్యాన్ ఇచ్చి, మూడు రెక్కల మీదా మన పేరు రాయిస్తే? ఫ్యాన్ ఇచ్చేశాం, చిరునామా ఉంచుకున్నాం. కూతురికి పెళ్ళి చేసి పంపి, ఆ ఇంట్లో పోపు ఎలా పెట్టాలో కూడా ఫోన్లో చెబుతుంటే? కంపెనీలో పదవి అప్పగించి, కొత్తవాడి ప్రతి నిర్ణయం మీదా గొణుగుతుంటే? అదే కదా. వస్తువుని వదలడం సులువు, 'నాది' అన్న పాయింటర్‌ని వదలడం కష్టం. 18వ అధ్యాయంలో కృష్ణుడు పనిని మానేయమనలేదు. ఫలితం మీద పట్టు వదలడాన్నే త్యాగం అన్నాడు. మా భాషలో చెప్పాలంటే ప్రోగ్రామ్ నడుస్తూనే ఉండాలి, పట్టు మాత్రం వదలాలి.

మా అమ్మ అన్న మాట

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. మనుషులనే వదిలించుకుంటే ఫ్రీ అవుతామా?

మాది కోనసీమ. మా నాన్నమ్మ మంచం పట్టి నాలుగేళ్ళయింది. ఆవిడకి అన్నీ అమ్మే చూస్తుంది. ఈ నాలుగేళ్ళలో అమ్మ ఏ పెళ్ళిలోనూ రాత్రి ఉండలేదు. పోయిన సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు, 'ఒక మనిషిని పెడదాం అమ్మా, జీతం నేను పంపిస్తాను, నువ్వు కాస్త ఫ్రీ అవుతావు' అన్నాను. అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, 'నేనేమన్నా జైల్లో ఉన్నానేంట్రా?' అంది. కాసేపాగి, 'మనిషిని పెట్టు. నడుం పట్టేస్తోంది. కానీ నన్ను విడిపిస్తున్నాననుకోకు' అంది.

ఆ రెండు మాటలూ నిజమే. మొదటి మాట మాత్రమే విని 'ఆహా, ఎంత త్యాగమయి' అని దణ్ణం పెట్టి ఊరుకోవడం మనకి సులువు. ఇంటిల్లిపాది చాకిరీ ఒక్క మనిషి నెత్తిన వేసి, దాన్ని ధర్మం అనడం మన ఇళ్ళల్లో చాలాకాలంగా జరుగుతున్న పనే. వద్దనడానికి వీల్లేని చోట చేసే సేవకి త్యాగం అని పేరు పెట్టే హక్కు పక్కవాళ్ళకి లేదు. అందుకే ఇప్పుడు ఒక మనిషి వారానికి మూడు రోజులు వస్తోంది. శనివారం అమ్మ గుడికి వెళ్తుంది. ఎవరూ రమ్మనకపోయినా దీపాల వేళకి ఇంటికి వచ్చేస్తుంది. తలుపు తెరిచే ఉంది, ఆవిడ తనంతట తానే లోపలికి వస్తోంది. నాకు కనబడే తేడా అదే.

మా వైపు డొక్కా సీతమ్మ గారి పేరు తెలియని ఇల్లు ఉండదు. 1841లో పుట్టి 1909 దాకా జీవించిన ఆవిడ, లంకల గన్నవరంలో తన ఇంటికి ఏ వేళ ఎవరు ఆకలితో వచ్చినా అన్నం పెట్టారు. గోదావరి పాయ దాటి వచ్చే బాటసారులకి ఆ ఇల్లే దిక్కు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో ఒక పెళ్ళివారి గుంపు. పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే పెద్దవాళ్ళు, 'ఇంకాసేపట్లో సీతమ్మ గారింటికి చేరతాం, అక్కడ అన్నం దొరుకుతుంది' అని సముదాయిస్తున్నారు. ఆ మాట చెవినపడగానే ఆవిడ వెనక్కి తిరిగి ఇంటికి వచ్చి, వాళ్ళు చేరేసరికి వంట సిద్ధం చేశారని చెబుతారు.

ఆ రోజు సీతమ్మ గారు ఫ్రీయేనా? స్వామి దర్శనానికి కూడా వెళ్ళలేకపోయారు కదా అనొచ్చు. ఆవిడని వెనక్కి తిప్పింది భర్త ఆజ్ఞ కాదు, రాజు శాసనం కాదు, పేరు కోసం ఆశ కాదు. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లల ఆకలి. ఇంతకంటే స్వతంత్రంగా తీసుకున్న నిర్ణయం నాకు ఇంకోటి తోచదు.

చుట్టం దొరికింది

చివరగా, ఈ మాట పుట్టుక గురించి తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం మీతో పంచుకోవాలి.

ఇంగ్లీషు 'ఫ్రీ'కీ మన సంస్కృతం 'ప్రియ'కీ మూలం ఒక్కటేనని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. ప్రేమించడం అనే అర్థమున్న ఒకే పాత ధాతువు నుంచి రెండూ వచ్చాయి. 'ఫ్రెండ్' కూడా ఆ ఇంటిదే. పూర్వం ఆ జాతుల ఇళ్ళల్లో రెండు రకాల మనుషులుండేవారు, బానిసలు, ఇంటివాళ్ళు. ఇంటివాళ్ళంటే ప్రియమైనవాళ్ళు. అలా 'ప్రియమైనవాడు' అన్న మాటే మెల్లగా 'బానిస కానివాడు' అన్న అర్థంలోకి మారింది. అంటే ఆ మాట పుట్టినప్పుడు ఫ్రీ అంటే ఎవరికీ చెందనివాడు కాదు, ప్రేమగల ఇంటికి చెందినవాడు!

మన దగ్గర ఆ చుట్టం ఇంకో దారిలో వెళ్ళింది. 'సరుకులు ప్రియమైపోయాయి' అంటాం. తెలంగాణలో 'మస్తు పిరం' అంటారు. ఒకే మూలం అక్కడ ఖర్చు లేనిది అయింది, ఇక్కడ ఖర్చు ఎక్కువైనది అయింది. రెండూ సరైనవే అనిపిస్తుంది నాకు. మనసుకి ప్రియమైనవాళ్ళ కోసం చేసినదానికి మనం బిల్లు వేయం, అందుకని ఫ్రీ. అలా చేయడానికి జీవితమే పెట్టాలి, అందుకని పిరం.

గీత 12వ అధ్యాయంలో, భక్తియోగంలో, కృష్ణుడు తనకి ఇష్టమైన భక్తుడు ఎలా ఉంటాడో వరసగా చెబుతాడు. 15వ శ్లోకం మీ దగ్గరున్న పుస్తకంలో తీసి చూడండి. ఎవడి వల్ల లోకం కలత పడదో, లోకం వల్ల ఎవడు కలత పడడో, పొంగిపోవడం, ఓర్వలేకపోవడం, భయం, ఆందోళన వీటి నుంచి ఎవడు విడివడ్డాడో, వాడే నాకు ఇష్టుడు అని భావం. ఆ ఒక్క శ్లోకంలోనే 'ముక్త' అన్న మాటా ఉంది, 'ప్రియ' అన్న మాటా ఉంది. ఇంగ్లీషు వాళ్ళ మాటలో మరుగున పడిపోయిన చుట్టరికం అక్కడ పక్కపక్కనే కూర్చుని ఉంది. విడివడాల్సింది భయం నుంచి, అసూయ నుంచి. మనుషుల నుంచి అని స్వామి చెప్పలేదు. లోకం వల్ల కలత పడకూడదంటే ముందు లోకంలో ఉండాలి కదా!

కాబట్టి ఈసారి ఎవరైనా ఫోన్ చేసి 'ఫ్రీయేనా?' అని అడిగితే, వాచీ చూసుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. అడిగింది ఖాళీ గురించే. మనం లోపల చూసుకోవాల్సింది మాత్రం ఇంకోటి. ఇప్పుడు నన్ను పట్టుకుని ఉన్నది ఏది? భయమా, అలవాటా, పేరు మీద ఆశా? లేక నేను ఇష్టపడి పట్టుకున్న చెయ్యా? మొదటివైతే రోజంతా ఖాళీగా ఉన్నా మనం ఫ్రీ కాదు. చివరిదైతే రోజంతా ఊపిరాడని పనిలో ఉన్నా ఫ్రీయే.

పిల్లలు మోక్షం అంటే ఏమిటని అడిగితే 'ఫ్రీ అవ్వడం' అనే చెప్పండి, పర్వాలేదు. ఆ మాటకి 'ప్రియం' అనే ఒక చుట్టం ఉందని కూడా చెప్పండి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.